మూడో చెర్రీ ఒక గడి కిందే ఎందుకు ఆగుతుంది?

మా ఆయనది శ్రీరాంపూర్‌లో బాయి పని. సెకండ్ షిఫ్ట్ అయితే ఇంటికి వచ్చేసరికి రాత్రి పదకొండు దాటుతుంది. పిల్లలు పడుకున్నాక పొద్దుపోక ఫోన్‌లో చక్రాల ఆట మొదలుపెట్టాను. మూడు చెర్రీలు ఒకే వరుసలో పడితే నాణేల వాన. ఉత్తుత్తి నాణేలే కదా అనుకున్నా. ఒకరోజు అవి అయిపోతే 99 రూపాయలు పెట్టి కొన్నాను. అట్లా మూడు నెలల్లో దసరా చీరకని దాచుకున్న నాలుగు వేలు పోయాయి. ఎంత గెలిచినా ఆ నాణేలు రూపాయలు కావు. తెలిసీ కొన్నాను!

ఎందుకంటే ప్రతిసారీ 'కొద్దిలో తప్పింది' అనిపించేది. రెండు చెర్రీలు పడేవి, మూడోది ఒక గడి కింద ఆగేది.

దాని గుట్టు తర్వాత తెలిసింది. 1890లలో శాన్‌ఫ్రాన్సిస్కోలో చార్లెస్ ఫే చేసిన యంత్రంలో చక్రం ఎక్కడ ఆగితే అదే ఫలితం. 1984లో ఇంగె టెల్నెస్ పేటెంటుతో ఆ పద్ధతి మారింది. మీట నొక్కగానే కంప్యూటర్ ఒక అంకె తీస్తుంది, ఫలితం అప్పుడే ఖాయం. చక్రాలు తిరగడం మనకు చూపించే బొమ్మలాట. గెలుపు బొమ్మకు తక్కువ అంకెలు, దాని పక్క గడులకు ఎక్కువ అంకెలు ఇచ్చే వీలుంది. 'కొద్దిలో తప్పడం' అనేది అక్కడ ఉండదు.

డబ్బు పెట్టే యంత్రాల లెక్కా చూడండి. నూటికి 95 తిరిగిస్తుందంటే మంచిదే అనిపిస్తుంది. వచ్చిందంతా మళ్లీ పెడుతూ ఇరవైసార్లు తిప్పితే వందలో సగటున మిగిలేది 36 రూపాయలే.

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం కూడా చట్టం చేసింది. మంచిదే. కానీ అలవాటు నేర్పే ఉత్తుత్తి నాణేల ఆటలు ఇంకా మన చేతిలోనే ఉన్నాయి.

దసరాకు లాభాల వాటా, దీపావళికి బోనస్ అందుకునే ఊళ్లు మనవి. ఇంట్లో ఎవరైనా పోగొట్టుకుంటే "ఆశపోతు" అని తిడతాం. తిట్టు భయంతో వాళ్లు దాస్తారు, దాచినకొద్దీ అప్పు పెరుగుతుంది. నేనూ మూడు నెలలు దాచాను. చివరికి చెబితే మా ఆయన అరవలేదు. "ముందుగాల్నే చెప్తే ఏమైతుండె?" అన్నాడంతే.

ఆట తీసేశాను. ఈ దసరాకు పాత చీరే. మీ ఇంట్లోనూ ఒకసారి అడగండి, తిట్టకుండా.