బీపీ తాతయ్యలకేనా?

"ఈ వయసులో నీకు బీపీ ఏంట్రా?" ఏలూరులోనైనా, తాడేపల్లిగూడెంలోనైనా ఇంట్లో వినిపించే మొదటి మాట ఇదే. బీపీ అంటే తాతయ్య మాత్రల డబ్బా, నాన్న కోపం... అంతే కదా మనకి! కానీ టీనేజ్‌లోనూ బీపీ వస్తుంది. చిక్కేంటంటే, వచ్చినా చాలాసార్లు చెప్పదు. తలనొప్పి ఉండదు, కళ్లు తిరగవు. కొలిస్తేనే తెలుస్తుంది.

మరి ఎంత ఉంటే ఎక్కువ? అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ 2017లో ఇచ్చిన లెక్క ప్రకారం, 13 ఏళ్లు నిండినవాళ్లకి 120/80 లోపు ఉంటే నార్మల్. పై అంకె 120 నుంచి 129 మధ్య ఉండి, కింది అంకె 80 లోపే ఉంటే 'కాస్త జాగ్రత్త'. 130/80 నుంచి మొదటి దశ, 140/90 నుంచి రెండో దశ. 13 ఏళ్లలోపు వాళ్లకి మాత్రం వయసు, ఎత్తు, ఆడా మగా అన్నీ చూసి లెక్కేస్తారు.

ఒక్కసారి 134 వచ్చిందని కంగారు పడొద్దు. కైకలూరు బస్సు దిగి, పరుగున వెళ్లి స్టూలు మీద కాళ్లు వేలాడేసి కూర్చుంటే ఎవరికైనా పెరుగుతుంది. వీపు ఆనించి, పాదాలు నేలకు ఆన్చి, అయిదు నిమిషాలు మాటల్లేకుండా కూర్చోండి. కుడి చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. చేతికి చుట్టే పట్టీ సైజు కూడా ముఖ్యం. లావు చేతికి చిన్న పట్టీ వేస్తే లేని బీపీ చూపిస్తుంది. "నాకు సరిపోయే పట్టీ ఉందా అండీ?" అని అడగడానికి మొహమాటం వద్దు.

అప్పుడూ ఎక్కువే వస్తే? మొదటి దశ అయితే ఒకట్రెండు వారాల్లో మళ్లీ చూస్తారు, తర్వాత మూడు నెలలకి ఇంకోసారి. మూడుసార్లూ ఎక్కువుంటేనే బీపీ అని పేరు పెడతారు. రెండో దశ అయితే వారంలోపే మళ్లీ చూపించుకోవాలి. 180/120 దాటినా, బీపీ బాగా పెరిగి తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం ఉన్నా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

కొందరికి డాక్టర్ని చూస్తేనే గుండె దడదడ! అలాంటప్పుడు 24 గంటలు చేతికి మిషన్ కట్టి, ఇంటి దగ్గర అసలు బీపీ ఎంతో చూస్తారు. నిజంగానే ఉందంటే మూత్రం, రక్తం పరీక్షలు రాస్తారు. ఎందుకంటే కిడ్నీ జబ్బు మొదట బీపీ రూపంలోనే బయటపడొచ్చు. తాతయ్య మాత్ర సగం విరిచి వేసుకోవడం మాత్రం వద్దే వద్దు.

ఇక తిండి సంగతి. కొల్లేటి పచ్చి చేప తప్పేం చేయలేదు. ఉప్పేసి ఎండబెట్టిన చేప, ఆవకాయ, చిప్స్ ప్యాకెట్ ఒకే రోజు కలిస్తేనే తంటా. రోజుకి అన్నీ కలిపి ఉప్పు ఒక టీస్పూను దాటకూడదు.

ఈసారి జ్వరానికో, దగ్గుకో డాక్టర్ దగ్గరికి వెళ్తే "బీపీ కూడా చూడండి" అనండి. ఏడాదికోసారి చాలు. రెండు నిమిషాల పని.