మాట వినే యంత్రం

పిల్లలూ! అనంతపురం జిల్లాలో తాడిపత్రి దగ్గర 'యాడికి' అని ఒక ఊరుంది. ఆ సీమలో 'ఎక్కడికి' అనడానికి కూడా 'యాడికి' అనే అంటారు. బస్సు కోసం నిలబడ్డ కుర్రవాణ్ణి ఒక అవ్వ "యాడికి పోతాండావురా?" అని అడిగిందనుకోండి. వాడు "యాడికే, అవ్వా!" అంటాడు. మొదటిది ప్రశ్న, రెండోది ఊరు. అవ్వకు ఇట్టే తెలిసిపోతుంది. మరి, యంత్రానికో?

ఇలాంటి చిక్కులు విప్పడానికే ఏళ్లతరబడి పాటుపడిన కంప్యూటరు ఉపాధ్యాయుడు ఒకాయన మన రాయలసీమవాడే. ఆయన పేరు దబ్బాల రాజగోపాల రెడ్డి. లోకం రాజ్ రెడ్డి అంటుంది. 1937లో నాటి చిత్తూరు జిల్లా కాటూరులో ఒక రైతు ఇంట పుట్టాడు. పల్లె బడిలో ఇసకమీద వేలితో అక్షరాలు దిద్దాడు. ఆ కుటుంబంలో కాలేజీ గడప తొక్కినవాడు ఆయనే మొదలు. 1958లో మద్రాసు గిండీ కాలేజీలో ఇంజనీరయ్యాడు. కంప్యూటర్ల ఇంజనీరు కాదు సుమా, రోడ్లూ వంతెనలూ కట్టే ఇంజనీరు! కంప్యూటరుతో పరిచయం ఆ తరవాత, ఆస్ట్రేలియాలో చదివేటప్పుడు. అక్కడే కొన్నాళ్లు ఉద్యోగం చేసి, అమెరికా వెళ్లి, 1966లో స్టాన్‌ఫర్డులో డాక్టరేటు పుచ్చుకున్నాడు. 1969లో పిట్స్‌బర్గులోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా చేరాడు.

అక్కడ ఆయనా, తోటివారూ, శిష్యులూ ఒక తమాషా ఉపాయం పన్నారు. యంత్రంలో ఒక నల్లబల్ల ఉన్నట్టు ఊహించుకోండి. దాని చుట్టూ కొందరు పండితులు. ఒకరికి ధ్వనులు తెలుసు, ఒకరికి మాటలు తెలుసు, ఒకరికి వ్యాకరణం తెలుసు. ఎవరికి తోచింది వారు బల్లమీద రాస్తారు, ఒకరు రాసింది చూసి మరొకరు దిద్దుతారు. చివరకు అందరికీ కుదిరిందే అసలు మాట! అవ్వ బుర్రలో జరిగేది కూడా ఇంచుమించు ఇదే కాబోలు. 1976 నాటికి వారి 'హార్పీ' అనే ప్రోగ్రాము 1011 మాటలు గుర్తుపట్టగలిగింది.

తరవాత కై-ఫు లీ అనే శిష్యుడు వచ్చాడు. "పండితులు వద్దు, యంత్రానికి బోలెడు మాటలు వినిపిద్దాం. ఏ ధ్వని తరవాత ఏది ఎన్నిసార్లు వస్తున్నదో అదే లెక్కకట్టుకుంటుంది" అన్నది అతని వాదం. గురువుగారికి ఇది నచ్చలేదు. నచ్చలేదని చెప్పి కూడా, శిష్యుడికి కావలసిన సాయమంతా చేశాడు! ఎంతమంది గురువులు ఇలా చేయగలరు? 1988లో ఆ దారినే 'స్ఫింక్స్' పుట్టింది. మాటమాటకూ ఆగకుండా ఎవరు మాట్లాడినా అది పోల్చుకునేది. 1994లో రాజ్ రెడ్డికి, ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిపి, కంప్యూటరు శాస్త్రంలో అన్నిటికన్నా పెద్దదైన ట్యూరింగ్ బహుమానం వచ్చింది.

చదువురానివారు కూడా నోటితో అడిగి యంత్రంచేత పని చేయించుకోవాలని ఆయన కోరిక. అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడితే ఎక్కువ. ఈ పదును చాలుతుందా, ఇంకో వాన దాకా ఆగాలా అని చెనిక్కాయ రైతుకు ఏటా బెంగే. తొందరపడితే విత్తనం మట్టిపాలవుతుంది. అటువంటి రైతు తన యాసలోనే అడిగితే యంత్రం బదులు చెప్పాలి!

2008లో పల్లె పిల్లలకోసం రాజీవ్ గాంధీ సాంకేతిక విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు ఆయనే తొలి కులపతి. అనంతపురానికి పొరుగున, కడప జిల్లా ఇడుపులపాయలో దాని విద్యాలయం ఒకటి ఉంది. పదో తరగతి కాగానే పిల్లలను చేర్చుకుని ఆరేళ్లు చదివిస్తారు.

యంత్రానికి ఒక్కొక్క యాసా విడివిడిగా వినిపించి నేర్పాలి. ఇంట్లో ఫోను ఉంటే మీ అవ్వచేత దానితో మాట్లాడించండి. అది ఏ మాట దగ్గర తికమకపడిందో ఒక కాగితంమీద రాసుకోండి.