మన ప్రతినిధులు ఏ తరగతిలో ప్రయాణించాలి?

"సమాఖ్య కార్యవర్గ సభ్యులొకరు బిజినెస్ క్లాసు విమానంలో విదేశానికి వెళ్లివచ్చినట్లు ఇక్కడ చెప్పుకుంటున్నారు. ఇది నిజమేనా? నిజమైతే టిక్కెట్టు ఎవరు కొన్నారు?" అని ఒక శాఖ కార్యదర్శి వ్రాసిన కార్డు గత మాసంలో మా కార్యాలయానికి అందినది. ప్రశ్న మర్యాదగానే ఉన్నది, సూటిగానూ ఉన్నది. జవాబు కూడా అట్లే ఉండవలెను. నిజమే. ఆ కార్యవర్గ సభ్యులు ఈ సంపాదకీయం వ్రాస్తున్న మేమే.

టిక్కెట్టు మన నిధి నుండి కొన్నది కాదు. జెనీవాలో జరిగిన ఒక కార్మిక సమావేశానికి మమ్ములను ఆహ్వానించినవారు కొని పంపినారు. ఇంతటితో జవాబు ముగించవచ్చును. మొదట మేము అట్లే అనుకున్నాము కూడా. కాని ఆహ్వానించినవారికి ఆ డబ్బు ఎక్కడినుండి వచ్చినది? ఇతర దేశాల రైల్వే, తపాలా, రవాణా కార్మికులు నెలనెలా కట్టిన చందాల నుండే గదా. మన చందా కాకపోయినంత మాత్రాన అది చందా కాకుండా పోదు. కనుక జరిగినది జరిగినట్లు సభ్యుల ముందు ఉంచుట మా విధి అని భావించి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ప్రయాణం హైదరాబాదు నుండి మొదలైనది. గల్ఫులోని ఒక నగరంలో విమానం మారి జెనీవా చేరవలెను. శంషాబాదు విమానాశ్రయంలో గేటు వద్ద మా ప్రక్కన కూర్చున్నవాడు జగిత్యాల ప్రాంతపు యువకుడు. మొదటిసారి గల్ఫుకు పోతున్నాడు. ప్లాస్టిక్ కవరులో పాస్‌పోర్టు, వీసా కాగితం, ఇంగ్లీషులోనూ అరబ్బీలోనూ ముద్రించిన ఉద్యోగ ఒప్పందం పెట్టుకున్నాడు. మా చేతిలోని ఫైళ్లను చూసి, చదువుకున్నవారని తలచి కాబోలు, "సార్, గీ కాగితంల జీతం ఏడ రాసిండ్రో జర చూసి చెప్తరా?" అని అడిగినాడు. చూసినాము. మూల వేతనం ఒక చోట, భోజన భత్యం మరొక చోట ఉన్నవి. రెండూ కలిపినా ఏజెంటు నోటితో చెప్పిన మొత్తానికి తక్కువే. మొదటి పుట పూర్తి అయినది. పని గంటలు, ఓవర్‌టైము, సెలవు సంగతులు రెండవ పుటలో ఉండవలెను.

అంతలో బిజినెస్ క్లాసు ప్రయాణికులు ముందుగా రావలసిందని మైకులో పిలుపు వచ్చినది. "లోపల కూర్చున్నాక చూద్దాం నాయనా" అని చెప్పి లేచినాము. ముప్పై ఏళ్లుగా ఒప్పందాల కాగితాలు చదువుటయే మా వృత్తి. ఆ కాగితం సగంలో వదలి లేచినాము. విమానం ఆగలేదు, మేము ఆలస్యమూ కాలేదు. ఆ పిలుపు మాకు ఇరవై నిమిషాలు ముందు కూర్చునే సౌకర్యం కొరకు మాత్రమే.

తరువాత అందరూ మా సీట్ల ప్రక్కగానే వెనుకకు నడిచినారు. ఆ యువకుడు కూడా నడిచినాడు. మమ్ములను చూసినాడు, మా ముందున్న పళ్లరసం గ్లాసును చూసినాడు, తల తిప్పుకొని పోయినాడు. మేము పత్రిక అడ్డం పెట్టుకున్నాము. విమానం లేచిన తరువాత మధ్యలో తెర వేసినారు. ఆ తెర దాటి వెనుకకు పోరాదని మాకు ఏ నిబంధనా లేదు. నాలుగు గంటల ప్రయాణంలో పోలేదు. తెల్లని గుడ్డ పరచి భోజనం పెట్టినారు, తిన్నాము. దిగేటప్పుడు కూడా మమ్ములనే ముందు దింపినారు. ఆ పెద్ద విమానాశ్రయంలో ఆ అబ్బాయి మరల కనబడలేదు.

రెండవ విమానంలో సీటును పూర్తిగా పడకగా మార్చి పరుపు వేసినారు. అయిదు గంటలకు పైగా నిద్రపోయినాము. ఇది కూడా నిజమే కనుక చెప్పవలసి ఉన్నది. యాభై దాటిన శరీరం, ఉద్యమ కాలంలో స్టేషన్ల బెంచీల మీద నలిగిన నడుము. మరునాడు ఉదయం సమావేశంలో కునుకు రాకుండా కూర్చుని మాట్లాడగలిగినాము. ఆ పడక విలాసమే తప్ప అందులో సుఖం లేదని ఎవరైనా అంటే అది అబద్ధం. సుఖమే ఉన్నది. అందుకే ప్రశ్న కష్టంగా ఉన్నది.

ఈ తరగతి ఎప్పుడు పుట్టినదో కొంత తెలిసికొనుట మంచిది. 1970వ దశకంలో పెద్ద విమానాలు వచ్చి సీట్లు పెరిగినవి. వాటిని నింపుటకు విమాన సంస్థలు తక్కువ ధర టిక్కెట్లు అమ్మసాగినవి. అప్పుడు పూర్తి ధర చెల్లించిన వ్యాపార ప్రయాణికులు, చౌక టిక్కెట్టువారి ప్రక్కన మేమెందుకు కూర్చోవాలని సణిగినారు. వారి కొరకు ఆ దశకం చివరలో వేరు గది, వేరు పేరు ఏర్పడినవి. అంటే ఆరంభంలో అమ్మినది మెత్తని సీటు కూడా కాదు, ఎడమును. పడక తరువాత వచ్చినది. బిజినెస్ తరగతిలో పూర్తిగా చదునుగా పరచుకొనే సీటును బ్రిటిష్ ఎయిర్‌వేస్ 2000లో ప్రవేశపెట్టగా మిగిలిన సంస్థలు క్రమంగా అనుసరించినవి. నేడు దూర ప్రయాణంలో దాని ధర వెనుక సీటుకు సాధారణంగా మూడు నాలుగు రెట్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి ఉంటుంది. అది ఆక్రమించే స్థలమూ ఎక్కువే. స్థలాన్ని బట్టి ఇంధనాన్ని లెక్కకట్టి, బిజినెస్ ప్రయాణికుని వలన గాలిలో కలిసే బొగ్గుపులుసు వాయువు వెనుక సీటువాని కంటే సుమారు మూడు రెట్లు అని ప్రపంచ బ్యాంకు పరిశోధకులు 2013లో తేల్చినారు.

రైల్వే కార్మికులకు ఈ కథ కొత్తది కాదు. 1917లో గాంధీజీ మూడవ తరగతి ప్రయాణికుల దుస్థితిని గురించి పత్రికలకు వ్రాస్తూ, మొదటి తరగతి చార్జీ మూడవ తరగతికి అయిదు రెట్లకు పైగా ఉన్నది సరే, మూడవ తరగతివానికి ఆ సౌకర్యంలో అయిదవ వంతైనా, పదవ వంతైనా దక్కుతున్నదా అని నిలదీసినారు. మూడవ తరగతి అనే పేరు 1974లో పోయినది. ఆ సంవత్సరమే మే 8న మన మహా సమ్మె ప్రారంభమైనది. బోర్డు మీద "మూడు" చెరిపి "రెండు" వ్రాసినంత మాత్రాన బల్లలు మెత్తబడలేదు. 1977లో రైల్వే మంత్రి అయిన మధు దండావతే, సమ్మెలో ఉద్యోగాలు పోగొట్టుకున్నవారిని తిరిగి పనిలోకి తీసుకున్నారు. రెండవ తరగతి స్లీపరులో ఉత్త చెక్క బల్లలపై రెండంగుళాల ఫోము వేయించినది కూడా ఆయనే. ఆ రెండంగుళాలు ఎవరి గౌరవార్థమూ వేసినవి కావు. రాత్రి ప్రయాణించే మనిషి నడుముకు వేసినవి. మా వయస్సువారికి ఆ మార్పు ఇంకా ఒంటికి గుర్తున్నది.

తెరకు ముందు వైపున కూడా కార్మికులు ఉన్నారని చాలామంది మరచిపోతారు. మాకు పరుపు వేసిన అమ్మాయి రాత్రంతా నిలబడియే ఉన్నది. ఒకనాడు కదులుతున్న ఆర్.ఎం.ఎస్. పెట్టెలో తెల్లవార్లూ నిలబడి ఉత్తరాలు సార్టింగు చేసిన మన పెద్దలను ఎరిగినవారికి ఆ నిలబడుట ఎటువంటిదో వేరే చెప్పనక్కరలేదు. ఆ వృత్తిలోని స్త్రీల హక్కులు కూడా కోర్టు మెట్లెక్కి సాధించుకున్నవే. తొలి గర్భంతోనే ఎయిర్ హోస్టెసు ఉద్యోగం పోయే నిబంధనను నర్గేష్ మీర్జా కేసులో 1981లో సుప్రీంకోర్టు కొట్టివేసినది. చేరిన నాలుగేళ్లలోపు పెళ్లి చేసుకొనరాదన్న నిబంధనను మాత్రం అదే తీర్పు నిలిపినది. నవ్వుతూ పళ్లెం అందించే చేతికి వెనుక ఇంత ఉన్నదని ఆ సీట్లో కూర్చున్నప్పుడు తట్టదు. మాకూ దిగిన తరువాతనే తట్టినది.

2016లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో విమానాలలో జరిగే గొడవలపై ఒక పరిశీలన వెలువడినది. ముందు భాగంలో మొదటి తరగతి గది ఉన్న విమానాలలో వెనుక తరగతివారి గొడవలు ఎక్కువ అనీ, అందరినీ ఆ గది గుండా నడిపించి ఎక్కించినచో ఇంకా ఎక్కువ అనీ అందులో చెప్పినారు. ఆ లెక్కల పద్ధతిపై ఆక్షేపణలు వచ్చినవి. దానిని వేదవాక్యంగా తీసుకొనవలసిన పని లేదు. జగిత్యాల యువకుడు ఏ గొడవా చేయలేదు. తల తిప్పుకొన్నాడు, అంతే.

ఆరోగ్యం మాట ఎత్తేవారున్నారు. ఇరుకు సీట్లో గంటల తరబడి కూర్చుంటే కాలి సిరలలో రక్తం గడ్డకడుతుందని, కనుక పెద్దవారికి పడక సీటు అవసరమని వాదన. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించిన ఫలితాల ప్రకారం నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చునే ప్రయాణంలో ఈ ప్రమాదం సుమారు రెట్టింపు అవుతుంది. అయితే అది విమానానికే కాదు, రైలుకు, బస్సుకు, కారుకు కూడా వర్తిస్తుంది. కారణం కదలిక లేకపోవుట. లేచి నడుచుట, పిక్కలు ఆడించుట ఏ తరగతిలోనైనా చేయవచ్చును. వైద్యుడు ప్రత్యేకంగా చెప్పినవారి సంగతి వేరు. వారి విషయంలో లెక్క చూడరాదు.

మరి కొందరు మిత్రులు, అధికారులకు లేని నియమం మనకెందుకని అడుగుతారు. ఏడవ వేతన సంఘం అనంతరం 2017లో వచ్చిన ప్రయాణ భత్యం ఉత్తర్వును చూడండి. విదేశీ ప్రయాణంలో 17వ లెవెలుకు, ఆ పైవారికి మొదటి తరగతి; 14 నుండి 16 వరకు బిజినెస్; 13, అంతకు క్రిందివారికి ఎకానమీ. దేశంలో తిరిగేటప్పుడు 5వ లెవెలు, దానికి క్రిందివారికి రైలు మాత్రమే. మన ట్రాక్ మెయింటెయినరు మొదటి లెవెలులో ఉన్నాడు, పోస్టుమాన్ మూడవ లెవెలులో ఉన్నాడు. గ్రామీణ డాక్ సేవకునికి ఆ లెవెళ్ల పట్టికలోనే చోటు లేదు. ఈ నిచ్చెనపై మనం ప్రతి వేతన సంఘం ముందు వాదిస్తున్నాము. వాదించేవాడు ఆ నిచ్చెన చివరి మెట్టుపై కాళ్లు చాపుకొని పడుకొని వచ్చినచో ఎదుటి బల్లవారు అది గమనించరని అనుకొనుట అమాయకత్వం. అంతకంటె ముఖ్యంగా, రన్నింగ్ రూములో సరియైన విశ్రాంతి కొరకు పోరాడుతున్న లోకో పైలటు ముఖం చూసి మేము మాట్లాడగలగాలి.

నిద్ర కావలసినదే. అయితే దానిని ఆకాశంలోనే కొననక్కరలేదు. ప్రతినిధిని ఎకానమీ టిక్కెట్టుపై ఒక రోజు ముందుగా పంపి, చేరిన చోట సామాన్యమైన హోటలు గదిలో ఒక రాత్రి పడుకోనిచ్చినచో, రెండు టిక్కెట్ల తేడాలో కొద్ది భాగంతోనే పని జరుగుతుంది. మిగిలిన సొమ్ము మన చిన్న శాఖ ఒకటి సంవత్సరం పొడుగునా వసూలు చేసే చందాకు మించి ఉంటుంది. "కార్యదర్శికి ఒక రోజు పని పోతుంది గదా" అని కోశాధికారి మాతో అన్నారు. మా అనుభవంలో కార్యదర్శులకు ఒక రోజు పని పోయినందువలన ఉద్యమాలు ఆగలేదు.

కనుక వచ్చే జాతీయ మండలి సమావేశం ముందు ఈ ప్రతిపాదన ఉంచుతున్నాము. సమాఖ్య తరఫున విదేశాలకు వెళ్లేవారు, టిక్కెట్టు ఎవరు కొన్నా, ఎకానమీలోనే ప్రయాణించవలెను. ఆహ్వానించినవారు పై తరగతి టిక్కెట్టు పంపినచో మార్చమని ముందుగానే వ్రాయవలెను. వైద్య కారణాలున్నవారికీ, వికలాంగులకూ ఇది వర్తించదు. ఎనిమిది గంటలు దాటిన ప్రయాణమైతే ఒక రోజు విశ్రాంతి విధిగా ఇవ్వవలెను. దీనిని దయగా కాక నియమంగా వ్రాయవలెను. మండలిలో దీనికి వ్యతిరేకంగా మాట్లాడదలచినవారికి తగినంత సమయం ఇవ్వవలసిందిగా అధ్యక్షులను కోరినాము. మా సహచరులలో కొందరు దీనిని అంగీకరించుట లేదని ఇక్కడే చెప్పుట ధర్మం.

తిరుగు ప్రయాణం సంగతి కూడా అడుగుతారు. జెనీవాలో టిక్కెట్టు మార్చమని అడిగినాము. ఆ టిక్కెట్టుపై మార్పుకు వీలు లేదన్నారు. అదే తరగతిలో తిరిగి వచ్చినాము. ఈసారి గల్ఫు నుండి హైదరాబాదు వచ్చే విమానంలో తెర తీసుకొని వెనుకకు వెళ్లి, రెండు గంటలు ఖాళీ సీటు అంచున కూర్చుని ముగ్గురు నలుగురి కాగితాలు చూసినాము. మేము వెతికిన మనిషి అందులో ఉండడని తెలుసును. అప్పుడే వెళ్లినవాడు అప్పుడే రాడు గదా.

కార్డు వ్రాసిన శాఖ కార్యదర్శికి విడిగా కూడా జవాబు పంపినాము. టిక్కెట్ల నకళ్లు, ఆహ్వానపత్రం, దినభత్యం లెక్క కార్యాలయంలో ఫైలులో ఉన్నవి. ఏ సభ్యుడైనా పని వేళలలో వచ్చి చూడవచ్చును. ప్రతిపాదనపై శాఖల అభిప్రాయాలు మండలి సమావేశానికి పదిహేను రోజులు ముందుగా చేరునట్లు పంపగోరుతున్నాము.