ఫైలుకు తాళం, గదికి 777

లాడ్ బజార్‌లో మా బాబాయికి చిన్న గాజుల దుకాణం ఉంది. ఆర్డర్ల లెక్కల కోసం పాత కంప్యూటర్‌లో లైనక్స్ వేసి ఇచ్చింది నేనే. లెక్కల ఫైలును ఎవరూ మార్చకుండా 444 పెట్టాను. అయినా పెళ్లిళ్ల సీజన్‌లో ఒకరోజు ఆ ఫైలే మాయమైంది.

"ఎవ్వరు ముట్టకుండ చేసిన అన్నవ్ కద బిడ్డా, మరెట్ల పోయింది?" అన్నాడు బాబాయి.

ముందు ఆ అంకెల సంగతి చూద్దాం. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలుపెట్టిన యూనిక్స్, ఒకే కంప్యూటర్‌ను నలుగురూ పంచుకునే రోజుల్లో పుట్టింది. అందుకే ప్రతి ఫైలుకూ మూడు అంకెలు: యజమానికి ఒకటి, గ్రూపుకు ఒకటి, మిగతావాళ్లకు ఒకటి. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. వీటిని కూడితే వచ్చేదే ఆ అంకె. 644 అంటే యజమాని చదవొచ్చు, రాయొచ్చు. మిగతా అందరూ చదవడం వరకే.

తిరకాసంతా ఫోల్డర్ దగ్గరే. ఫోల్డర్ అంటే ఫైళ్ల పేర్ల పట్టిక. దానికి 1 అంటే లోపలికి వెళ్లనివ్వడం. చార్మినార్‌లో టికెట్ కొన్నవాళ్లను మొదటి అంతస్తు దాకా పోనిచ్చినట్టు. 2 అంటే పట్టికలో పేర్లు చేర్చడం, కొట్టేయడం. ఫైలును డిలీట్ చేయడమంటే ఈ పట్టికలో పేరు కొట్టేయడమే. అక్కడ ఫైలు మీదున్న 444ను ఎవరూ అడగరు!

నేను చేసిన ఘనకార్యం ఏంటంటే, ఒకసారి పనికుర్రాడి లాగిన్‌లో బిల్లు సేవ్ కాక 'పర్మిషన్ డినైడ్' అని వస్తే, తొందరలో ఫోల్డర్‌కు 777 కొట్టి వచ్చేశా. పెట్టెకు తాళం వేసి, గది తలుపు బార్లా తెరిచానన్నమాట. పెట్టె తెరవలేనివాడు పెట్టెనే ఎత్తుకుపోవచ్చు. ఎవరో పొరపాటున డిలీట్ నొక్కారు. పెన్‌డ్రైవ్‌లో వారం కిందటి కాపీ ఉంది కాబట్టి సరిపోయింది. మిగతా ఆర్డర్లు బిల్లు పుస్తకం చూసి రాత్రంతా ఎక్కించాం.

ఇప్పుడు పనివాళ్లందరినీ ఒక గ్రూపులో చేర్చి, ఫోల్డర్‌కు 1770 పెట్టాను. ముందున్న ఆ 1 పేరు స్టిక్కీ బిట్. గ్రూపులోవాళ్లు కొత్త ఫైళ్లు పెట్టుకోవచ్చు కానీ, ఎవరి ఫైలు వాళ్లే తీసేయగలరు. ఫోల్డర్ యజమాని కాబట్టి బాబాయి మాత్రం ఏదైనా తీసేయగలడు. బయటివాళ్లకు సున్నా.

మీకూ 'పర్మిషన్ డినైడ్' కనిపిస్తే వెంటనే 777 కొట్టకండి. 'ఎల్‌ఎస్ -ఎల్' కొట్టి ఆ ఫైలు ఎవరిదో, 'ఎల్‌ఎస్ -ఎల్‌డీ' కొట్టి ఆ ఫోల్డర్ ఎవరిదో ముందు చూడండి. ఎవరికి కావాలో వాళ్లకే ఇవ్వండి.