లాంచర్ ఫైలు స్క్రిప్టు రాసేది కాదు



లినక్స్‌లో ప్రతి ప్రోగ్రాముకూ లాంచర్ ఫైలును ప్యాకేజీ కట్టేవారే స్క్రిప్టుతో పుట్టించేయాలన్న గత సంచిక వాదన వినసొంపుగానే ఉంది. ఆచరణలో నిలవదు.

పేరు, ఆదేశం, ఐకాన్: లాంచరుగా పనిచేసే 'డాట్ డెస్క్‌టాప్' ఫైలంటే ఈ మూడు ముక్కలే కదా అనిపిస్తుంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్ సంగతి చూడండి. దానికి సొంత విండో లేదు. మెనూలో చేర్చి నొక్కితే తెరమీద ఏమీ కనబడదు. హెచ్‌టాప్‌కూ విండో లేదు గానీ, టెర్మినల్‌లో తెరవాలన్న సూచన దాని ఫైల్లో ఉంది కనుక చక్కగా తెరుచుకుంటుంది. ఈ తేడాను స్క్రిప్టు ఎలా పసిగడుతుంది? ఏ వర్గంలో చేర్చాలి, ఏ రకం ఫైళ్లను తెరవగలదు, తెలుగు మెనూలో ఏ పేరు కనబడాలి (దానికీ ఇందులో ఒక వరుస ఉంది) అన్నవి ప్రోగ్రాము తెలిసినవాళ్లు రాయాల్సినవే.

అలాగని యంత్రానికి పనే లేదని కాదు. గ్రాఫికల్ ప్రోగ్రాముకు ఈ ఫైలు ఉండి తీరాలన్న ఫెడోరా నియమమే దాన్ని పరికరంతో సరిచూడాలనీ అంటోంది. డెబియన్ చాలాకాలం తన పాత మెనూ ఫైళ్లనూ మోసింది. డెస్క్‌టాప్ ఫైలున్న ప్యాకేజీలో అవి వద్దని 2015లో దాని సాంకేతిక కమిటీ తేల్చింది.

మెనూలో కనబడని ప్రోగ్రాము తారసపడితే, పాఠకులు ఓ ఫైలు రాసి నేరుగా దాని రూపకర్తలకే పంపాలి. అన్ని డిస్ట్రోలకూ అక్కడి నుంచే అందుతుంది.