రొయ్యల తెగులును గూర్చి యొక మాట

మన విద్యార్థులలో పలువురి యిండ్లు రొయ్యల చెరువులపై నాధారపడి యున్నవి. చెరువునకు తెగులు తగిలిన యేట పుస్తకములకును బడిజీతమునకును చిక్కు వచ్చును. కావున ఈ విషయము బడికి సంబంధింపనిదని యెవరును తలంపకుందురు గాక.

ఈ తెగుళ్లలో మిక్కిలి భయంకరమైనది తెల్లమచ్చల తెగులు. ఇది 1992వ సంవత్సర ప్రాంతమున తూర్పు ఆసియాలో బయలుదేరి, 1994లో మన దేశతీరమునకు వచ్చి, టైగరు రొయ్యల సాగును పాడుచేసెను. తెగులు సోకిన చెరువు మూడు మొదలు పది దినములలో నశించుట కలదు.

మనుష్యునకు తట్టు వచ్చి తగ్గిన పిమ్మట, దేహములో పుట్టిన ప్రతిరక్షకములు దానిని సాధారణముగా మరల రానీయవు. రొయ్యకు ప్రతిరక్షకములు పుట్టవు. అయినను అది నిరాయుధము కాదు. దాని రక్తకణములు క్రిములను మ్రింగును. నల్లని ద్రవ్యముతో బంధించును. వైరసు జొచ్చిన కణము తానే చచ్చి తోడికణములను కాపాడును.

తెల్లమచ్చల వైరసు ఈ కోటను మాయచేత జయించును. నల్లని ద్రవ్యము పుట్టు క్రియను అణచును. చావనెంచిన కణమును, తన సంతతి వృద్ధిపొందువరకు చావనీయదు. అన్నిటికంటె ఆశ్చర్యమేమనగా, కణము తన రక్షణకై మేల్కొలుపు ‘స్టాట్’ అను మాంసకృత్తునే పట్టుకొని, దానిచేత తన తొలి జన్యువును పనిచేయించుకొనును. కావలివాడు మ్రోగించిన గంటయే దొంగకు సహాయమగుచున్నది.

ఇట్టి శత్రువు లోపల జొచ్చిన పిదప చెరువులో మందులు కుమ్మరించుట వ్యర్థమని నా యభిప్రాయము. యాంటీబయాటిక్కులు బాక్టీరియాకే గాని వైరసునకు పనిచేయవు. పైగా వాని శేషములున్న సరకును విదేశములు త్రిప్పి పంపును. గుమ్మముననే ఆపుట మేలు. పరీక్షించిన రొయ్యపిల్లనే కొనవలెను. నీటిని బ్లీచింగు పొడితో శుద్ధిచేయవలెను. పీతలు రాకుండ గట్టుచుట్టు వల కట్టవలెను; ఏలయన అవి తాము చావకయే తెగులును మోయగలవు.

కొందరు తెగులు కనబడిన రాత్రియే, ఎవరికిని చెప్పక, ఆ నీటిని కాలువలోనికి వదలుదురు. ఆ కాలువనీటినే పొరుగువాడు తెల్లవారి తన చెరువునకు తోడుకొనును. నష్టపోయినవాని దుఃఖము నేనెరుగుదును. కాని తన నష్టమును దాచుటవలన పదిమందిని నష్టపరచుట న్యాయము కాదు. మొదట పొరుగువారికి చెప్పవలెను. నీటిని శుద్ధిచేసి, కొన్ని దినములు నిలిపి, పిమ్మట వదలవలెను.

బాలబాలికలారా, ఈ మాటను ఇంట చదివి వినిపింపుడు. ఉపాధ్యాయుడు చెరువుల సంగతి చెప్పుచున్నాడని తలిదండ్రులు కోపగింపకుందురు గాక.