అరవై రెండు తక్కువేం కాదు

డ్రెస్సేజ్ అంటే బట్టల సంగతి అనుకునేరు, కాదు. గుర్రపుస్వారీలో ఒక పోటీ. పరుగు పందెం కాదు, అడ్డాల మీంచి దూకించడమూ కాదు. చెప్పిన చోట చెప్పిన నడక నడిపించాలి, గుండ్రంగా తిప్పాలి, కదలకుండా నిలబెట్టాలి. 2023లో హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో మన జట్టుకి ఇందులోనే బంగారు పతకం వచ్చింది.

ఇంగ్లండులో ఉంటున్న మా చెల్లెలి కూతురికి మొన్న ఈ పోటీలో 62 శాతం వచ్చింది. బళ్ళో తొంభైకి తగ్గని పిల్లకి ఇవేం మార్కులని మా చెల్లెలు కేకలేస్తే, ఆ పిల్ల ఇక గుర్రమే ఎక్కనని కూర్చుంది. మార్కుల కాగితం ఫొటో తెప్పించుకుని ఒక్కో మాటా కనుక్కుంటే తేలిందేమిటంటే, అసలా లెక్కే వేరు.

ఒక్కో అంశానికి సున్నా నుంచి పది దాకా వేస్తారు. సున్నా అంటే ఆ పనే చెయ్యలేదని. అయిదు పరవాలేదు, ఆరు తృప్తికరం, ఏడు బాగానే ఉంది, ఎనిమిది బాగుంది. పది ఎక్కడో గానీ పడదు. హాంగ్‌ఝౌలో మనవాళ్ళవి లెక్కకి తీసుకున్న మూడు స్కోర్లూ కలిపితే 209.205. అంటే మనిషికి సగటున 70 లోపే! బంగారం దానికే వచ్చింది మరి.

కొన్ని అంశాల మార్కుని రెండుతో హెచ్చవేస్తారు. చిన్న స్థాయి పరీక్షల్లో పగ్గాలు వదులు చేసి గుర్రాన్ని మెడ చాచి హాయిగా నడవనివ్వడం చాలాసార్లు అలాంటిదే. చూడ్డానికి ఏమీ లేని పని, కానీ అక్కడ పోతే దెబ్బ రెండింతలు.

మార్కు పక్కనే జడ్జి మాట ఉంటుంది. జడ్జి గుర్రం మీంచి చూపు తిప్పకూడదు కాబట్టి, ఆయన చెబుతుంటే పక్కనున్నవారు గబగబా రాస్తారు. అందుకే అవి పొడిపొడిగా, తిట్టినట్టు ఉంటాయి. 'కోడిగుడ్డు' అని రాస్తే, ముగ్గులో చుట్టు సాగిపోయినట్టు వలయం గుండ్రంగా రాలేదని. 'చతురస్రంగా లేదు' అంటే ఆగినప్పుడు నాలుగు కాళ్ళూ సమంగా లేవని. మా పిల్ల కాగితంలో అయిదులన్నీ నడక మార్చేచోట, ఆగేచోటే ఉన్నాయి. పక్కన 'హఠాత్తుగా' అని రాసుంది. గుర్రానికి ముందుగా సైగ అందడం లేదన్నమాట. మిగతా చోట్ల ఏళ్ళు కూడా ఉన్నాయి, వాటిని తల్లి చూడనే లేదు!

ఇద్దరు జడ్జీలుంటే మార్కులు తేడాగా రావచ్చు. ఎదుట కూర్చున్నవారికి వంకర కనిపిస్తుంది, పక్కన కూర్చున్నవారికి అడుగు పొడుగు కనిపిస్తుంది. పక్షపాతం అనుకోనక్కర్లేదు. ఈ కాగితాలు పారెయ్యకుండా దాచి, రెండు మూడు పక్కపక్కన పెట్టి చూడండి. ఏ మాట మళ్ళీ మళ్ళీ వస్తోందో అది నేర్పే మాస్టారికి చూపించొచ్చు.